తగ్గడం మరిచిన వాపు

వేలు తలుపు సందులో నలిగితే కాసేపట్లో ఎర్రబడుతుంది, వేడెక్కుతుంది, ఉబ్బుతుంది, సలుపుతుంది. క్రీస్తుశకం ఒకటో శతాబ్దంలో రోమన్ రచయిత సెల్సస్ రాసిపెట్టిన లక్షణాలు సరిగ్గా ఇవే: ఎరుపు, వాపు, వేడి, నొప్పి. వైద్య విద్యార్థులు ఇప్పటికీ ఈ నాలుగూ వల్లె వేస్తారు. ఆ భాగం సరిగా పనిచేయకపోవడం అనే ఐదోది చాలా తర్వాత వచ్చి చేరింది.

తెలుగులో దీనికి ఒక్క మాట కుదరలేదు. వాపు అంటే ఉబ్బు మాత్రమే తెలుస్తుంది, మంట అంటే నొప్పిలో ఒక రకం. శోథ అనే మాట పుస్తకాలు దాటి బయటికి రాలేదు. డాక్టర్లు ఇన్‌ఫ్లమేషన్ అనేస్తారు. ఇక్కడ వాపు అన్న చోటల్లా ఆ నాలుగూ కలిపి చదువుకోండి.

పేరు సంగతి సరే, అసలు తగాదా వేరే ఉంది. వాపు జబ్బా, జబ్బుకు శరీరం చేసుకునే వైద్యమా? మధ్యయుగాల యూరప్ వైద్యుల్లో చాలామంది గాయానికి చీము పడితే మంచిదేనని, మానడానికి అది గుర్తని నమ్మారు. ఆ నమ్మకానికి ఎంతమంది బలయ్యారో! దానికి భిన్నంగా, వివేకంగా ఆలోచించినవాడు స్కాట్లాండ్‌లో పుట్టిన సర్జన్ జాన్ హంటర్. సైన్యంలో పనిచేస్తూ తుపాకీ గాయాలు దగ్గరగా చూశాడు. వాపు తనంతట తాను జబ్బు కాదు, దెబ్బకో జబ్బుకో శరీరం ఇచ్చే మేలుచేసే జవాబు అన్నాడు. ఆ మాటలున్న పుస్తకం ఆయన చనిపోయిన మరుసటి ఏడాది, 1794లో వచ్చింది.

చీములో ఉండే కణాలు ఎక్కణ్నుంచి వస్తాయన్నది తర్వాతి ప్రశ్న. దెబ్బతిన్న చోట ఉన్న కణాల నుంచే పుడతాయని జర్మనీలో రుడాల్ఫ్ విర్కో వాదించాడు. ఆయన శిష్యుడు జూలియస్ కోన్‌హైమ్ 1867లో గురువు మాటకు అడ్డం తిరిగాడు. కప్ప పేగులను పట్టి ఉంచే పల్చటి పొరను మైక్రోస్కోప్ కింద పరిచి గంటల తరబడి చూశాడు. తెల్ల రక్తకణాలు రక్తనాళం గోడకు అతుక్కుని, మెల్లగా సందు చేసుకుని బయటికి జారుకోవడం కళ్లారా కనిపించింది. చీములో ఉన్నవి రక్తంలోంచి వచ్చినవే.

అవి వచ్చి ఏం చేస్తున్నాయో తేల్చింది ఇల్యా మెచ్నికోవ్. 1882లో ఈ రష్యన్ జంతుశాస్త్రవేత్త సిసిలీ దీవిలోని మెస్సీనాలో ఉన్నాడు. ఇంటిల్లిపాదీ సర్కస్‌కు వెళితే తనొక్కడే మైక్రోస్కోప్ ముందు కూర్చున్నాడు. సముద్రపు నక్షత్రచేప పిల్లలు అద్దంలా పారదర్శకంగా ఉంటాయి. తోటలోంచి గులాబీ ముళ్లు తెచ్చి వాటి ఒంట్లో గుచ్చాడు, ఏమవుతుందోనన్న టెన్షన్‌లో ఆ రాత్రి నిద్రపోలేదు. తెల్లవారి చూస్తే కదిలే కణాలు ముల్లు చుట్టూ మూగి ఉన్నాయి. ఆ పిల్లలకు రక్తనాళాలే లేవు. అంటే ఎరుపు, వేడి అన్నవి పైపై సంగతులు. పరాయిదాన్ని చుట్టుముట్టి మింగే కణాలే వాపుకు మూలం. ఈ వాదానికి 1908లో పాల్ ఎర్లిఖ్‌తో కలిసి ఆయనకు నోబెల్ వచ్చింది.

ఇంత తెలిశాక కూడా ఇరవయ్యో శతాబ్దం వాపును అణచడం మీదే మనసు పెట్టింది. రోగికి కావలసింది నొప్పి తగ్గడమే కాబట్టి ఇందులో వింతేమీ లేదు. 1899లో మార్కెట్లోకి వచ్చిన ఆస్పిరిన్ ఎలా పనిచేస్తుందో 1971 దాకా ఎవరికీ తెలియదు. నొప్పినీ వాపునూ పెంచే ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాల తయారీని అది ఆపేస్తుందని ఆ ఏడాది బ్రిటన్‌లో జాన్ వేన్ చూపించాడు. అంతకన్నా పెద్ద సంచలనం కార్టిసోన్ అనే స్టెరాయిడ్ హార్మోన్‌ది. 1948 సెప్టెంబరులో అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ బృందం, కీళ్లవాతంతో మంచం పట్టిన 29 ఏళ్ల మహిళకు దాన్ని ఇంజెక్షన్‌గా ఇచ్చింది. కొద్ది రోజుల్లోనే ఆమె లేచి నడిచింది. 1950లో నోబెల్ కూడా ఇచ్చేశారు. అయితే మందు వాడేకొద్దీ మొహం ఉబ్బడం, ఎముకలు గుల్లబారడం, ఇన్ఫెక్షన్లు ముదరడం బయటపడ్డాయి. గాయాలు మానడమూ ఆలస్యమైంది. హంటర్ చెప్పింది వేరే దారిలో మళ్లీ తలుపు తట్టింది.

గాయం మానే తీరు చూస్తే ఈ చిక్కు అర్థమవుతుంది. మొదటి గంటల్లో న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు వస్తాయి, క్రిముల్ని చంపి తామూ చస్తాయి. ఆ వెనుక మాక్రోఫేజ్‌లు అనే మింగే కణాలు దిగుతాయి. చచ్చిన కణాల్ని తినేసి, పోనుపోనూ తీరు మార్చుకుని కొత్త రక్తనాళాలకు, కొత్త కణజాలానికి కబురు పెడతాయి. అమెరికాలో లీబోవిచ్, రస్సెల్ రాస్ 1975లో గినీ పందుల్లో మాక్రోఫేజ్‌లు లేకుండా చేసి చూశారు: గాయం లోపలి చెత్త పోలేదు, మానడం వెనకబడింది. 2013లో ఇంకో ప్రయోగం. తెగిన కాలును మళ్లీ మొలిపించుకోగల, బల్లిలా కనిపించే సాలమాండర్లలో ఈ కణాల్ని తీసేస్తే కాలు మొలవలేదు, అక్కడ మచ్చకట్టి ఊరుకుంది.

ఆ రస్సెల్ రాసే 1999లో, కన్నుమూసిన ఏడాది, గుండె రక్తనాళాలు పూడుకుపోవడం కూడా వాపు జబ్బేనని రాశాడు. కొవ్వు పైపులో మడ్డిలా పేరుకుంటుందన్న పాత బొమ్మ అక్కడితో చెల్లిపోయింది. నాళం గోడ దెబ్బతింటుంది, కణాలు బాగుచేయడానికి వస్తాయి, దెబ్బ ఆగదు కనుక అవీ వెనుదిరగవు. ఒకే మనిషి గాయం మాన్పే కణాన్నీ, గుండెను దెబ్బతీసే కణాన్నీ చదివితే రెండూ ఒకటే కావడం నాకు ఈ చరిత్రలో అన్నిటికంటే నచ్చే ఘట్టం. క్యాన్సర్‌లోనూ ఇలాంటి ఆలోచనే నడిచింది. కణితుల్లో తెల్లకణాలను విర్కో 1863లోనే గమనించాడు. కణితి అంటే మానని గాయమని 1986లో హెరాల్డ్ డ్వోరాక్ పోల్చాడు.

గుండె సంగతికి గట్టి పరీక్ష 2017లో జరిగింది. అప్పటికే గుండెపోటు వచ్చిన పదివేలమందికి పైగా రోగులతో చేసిన కాంటోస్ అనే ట్రయల్‌లో కనాకినుమాబ్ అనే మందు కొలెస్టరాల్‌ను ముట్టుకోకుండా వాపును మాత్రమే తగ్గించింది. 150 మిల్లీగ్రాముల మోతాదు తీసుకున్నవారిలో గుండెపోట్లు, పక్షవాతాలు, గుండె జబ్బు మరణాలు కలిపి 15 శాతం తగ్గాయి. కానీ ప్రాణం తీసే ఇన్ఫెక్షన్లు పెరిగాయి. కాపలావాణ్ని పంపేస్తే దొంగ రాడా మరి!

2020లో కోవిడ్ ఇదే పాఠాన్ని అందరికీ కనిపించేలా చెప్పింది. బ్రిటన్‌లో జరిగిన రికవరీ ట్రయల్‌లో డెక్సామెథసోన్ అనే చవక స్టెరాయిడ్ వెంటిలేటర్ మీదున్నవారి మరణాలను మూడో వంతు తగ్గించింది. ఆక్సిజన్ అక్కర్లేనివారికి ఏ లాభమూ కనిపించలేదు. మందు ఒకటే, జబ్బు ఒకటే, ఇచ్చిన వేళ వేరు. బెణుకు మీద ఐస్ పెట్టమనే సలహా కథా ఇంతే. 1978లో దాన్ని ప్రచారంలోకి తెచ్చిన అమెరికన్ డాక్టర్ గేబ్ మిర్కిన్, ఐస్ వల్ల మానడం ఆలస్యం కావచ్చని 2014లో తనే మాట మార్చుకున్నాడు.

వాపు దానంతటదే చల్లారుతుందని చాలాకాలం అనుకున్నారు. అది నిజం కాదని, చల్లార్చడానికి శరీరం విడిగా రసాయనాలు తయారు చేస్తుందని అమెరికాలో చార్లెస్ సెర్హాన్ బృందం చూపింది. లిపాక్సిన్లు 1984లో బయటపడ్డాయి, చేప నూనెల్లోని కొవ్వుల నుంచి పుట్టే రిసాల్విన్లు 2000 తర్వాత. ఆ రెంటికీ నడుమ, 1999లో, లండన్ పరిశోధకులు ఎలుకల్లో ఒక తమాషా చూశారు. నొప్పి మాత్రలు అడ్డుకునే కాక్స్-2 అనే ఎంజైమ్ వాపు మొదట్లో ఒకసారి కనిపించింది. రెండు రోజులయ్యాక, వాపు తగ్గుతున్న వేళ, ఇంకా ఎక్కువగా కనిపించింది. ఆ రెండోసారి దాన్ని అడ్డుకుంటే తగ్గుతున్న వాపు తగ్గడం మానేసింది.