వీసా, పాస్‌పోర్ట్, బెదిరింపు ఫోన్లు: హైదరాబాద్‌లో నేను రోజూ వినే అపోహలు

చిలుకూరు బాలాజీ గుడిలో హుండీ ఉండదు. వీసా కోసం మొక్కుకుని 11 ప్రదక్షిణలు, వచ్చాక 108. ఖర్చేమీ లేదు. గుడి దాటి సిటీలోకి వచ్చాకే ఖర్చు మొదలవుతుంది. "కాన్సులేట్‌లో మనవాళ్ళున్నారు", "ఢిల్లీలో ఫైల్ కదిలిస్తా", "కేసు ఉంది కాబట్టి పాస్‌పోర్ట్ రాదు, వేరే దారి చూద్దాం" అంటారు. పాస్‌పోర్ట్ కేసులు, విదేశాల్లో చిక్కుకున్నవాళ్ళ కేసులు చూసే లాయర్‌ని కాబట్టి ఈ మాటలు నాకు రోజూ వినిపిస్తాయి. ఏ పనికి ఏ ఆఫీసు జవాబుదారీయో జనానికి తెలియదు. ఏజెంట్ల వ్యాపారం నడిచేదే దాని మీద.

అపోహ: వీసా ఎందుకు ఇవ్వలేదో ఆర్టీఐ వేసి అడగొచ్చు, ఎంపీ లెటర్ పెడితే మళ్ళీ చూస్తారు.

2005 నాటి సమాచార హక్కు చట్టం భారత ప్రభుత్వ సంస్థలకే వర్తిస్తుంది. నానక్‌రామ్‌గూడలోని అమెరికన్ కాన్సులేట్ మన ఊళ్ళోనే ఉన్నా దానికి వర్తించదు. ఎంపీ గారి లెటర్ తీసుకెళ్ళి ఫైల్లో పెట్టుకోవచ్చు, అంతకుమించి ఉపయోగం లేదు.

చాలామందికి వచ్చే తిరస్కరణ అమెరికా ఇమిగ్రేషన్ చట్టం సెక్షన్ 214(బి) కింద. మీరు తిరిగి వస్తారన్న నమ్మకం అధికారికి కలగలేదని దాని అర్థం. దాని మీద అప్పీల్ లేదు. ఫీజు మళ్ళీ కట్టి మళ్ళీ దరఖాస్తు చేసుకోవచ్చు, అంతే. ఈ విషయంలో అక్కడి కోర్టులు కూడా దూరంగానే ఉంటాయి. జీవిత భాగస్వామికి వీసా రాలేదని అమెరికా పౌరురాలే కోర్టుకెక్కితే, 2024లో వాళ్ళ సుప్రీంకోర్టు ఆమె వాదన ఒప్పుకోలేదు. ఇక మన పరిస్థితి వేరే చెప్పాలా? అయితే 221(జి) కింద, అంటే ఇంకా కాగితాలో తనిఖీలో కావాలని చెప్పి, నెలల తరబడి నానబెట్టినప్పుడు సంగతి కొంచెం వేరు. ఆలస్యం మీద అక్కడి ఫెడరల్ కోర్టులో దావా వేసే వీలుంది. ఫలితం మాత్రం కేసును బట్టి ఉంటుంది.

అన్ని దేశాలూ ఇలా ఉండవు. యూరప్ దేశాల ఉమ్మడి షెంగెన్ వీసా కాదంటే కారణం రాసిన ఫారం ఇవ్వాలి, అప్పీల్ హక్కు కూడా ఉంటుంది. కెనడా తిరస్కరిస్తే 60 రోజుల్లో అక్కడి ఫెడరల్ కోర్టుకు వెళ్ళొచ్చు. అధికారి ఫైల్లో ఏం రాశాడో కూడా కెనడాలో ఉన్న మనిషి ద్వారా 5 డాలర్లు కట్టి తెప్పించుకోవచ్చు. మన పిల్లలు ఆ నోట్స్ తెప్పించుకోకుండానే రెండోసారి, మూడోసారి అవే కాగితాలు పెట్టి ఫీజులు పోగొట్టుకుంటుంటారు.

అపోహ: స్లాట్, వీసా రెండూ లోపలివాళ్ళ చేతిలో ఉంటాయి, డబ్బు పెడితే పనవుతుంది.

బాట్లతో, అంటే మనిషి బదులు సాఫ్ట్‌వేర్‌తో, బుక్ చేసిన దాదాపు 2,000 అపాయింట్‌మెంట్లను అమెరికన్ ఎంబసీ 2025 మార్చిలో రద్దు చేసింది. వాటి కోసం ఏజెంట్‌కి కట్టిన డబ్బు ఎవరికి వెనక్కి వచ్చిందో ఊహించుకోండి. ఇంతకన్నా పెద్ద ప్రమాదం దొంగ బ్యాంక్ స్టేట్‌మెంట్లు, దొంగ ఎక్స్‌పీరియన్స్ లెటర్లు. మోసం చేశారని ఒకసారి నమోదైతే అమెరికా తలుపు శాశ్వతంగా మూసుకుపోతుంది. కాగితం తయారు చేసిన ఏజెంట్ బోర్డు మార్చుకుని పక్క వీధిలో ఆఫీసు తెరుస్తాడు.

"ప్రభుత్వ లిస్టులో ఉన్న యూనివర్సిటీ కదా, భయమెందుకు" అనే ధీమా కూడా ఉంటుంది. ఫార్మింగ్టన్ గుర్తుందా? వీసా మోసాలు పట్టడానికి అమెరికా ప్రభుత్వమే వలగా పెట్టిన దొంగ యూనివర్సిటీ అది, పేరు మాత్రం అధికారిక జాబితాలో ఉంది. 2019 జనవరిలో 129 మంది భారతీయ విద్యార్థులను పట్టుకున్నారు, వాళ్ళలో చాలామంది తెలుగు పిల్లలే. ఫీజు తీసుకుని చదువు చెప్పలేదని ఒక విద్యార్థి ప్రభుత్వం మీదే దావా వేస్తే కింది కోర్టు కొట్టేసింది. అలా కొట్టేయడం తప్పని 2024లో అప్పీల్ కోర్టు చెప్పింది. ఆ తీర్పు గురించి ఇక్కడ పెద్దగా ఎవరూ మాట్లాడరు గానీ, నా దృష్టిలో అరెస్టుల వార్త కన్నా అదే ముఖ్యం.

అపోహ: కేసుంటే పాస్‌పోర్ట్ రాదు.

ఇక్కడ మాత్రం జవాబు చెప్పాల్సింది మన ప్రభుత్వమే. 498ఏ కేసుల్లో, అంటే భార్యను వేధించారన్న కేసుల్లో, ఇరుక్కున్న ఎన్నారై కుటుంబాలు హైదరాబాద్‌లో కొల్లలు. ఈ భయం ఎక్కువగా వాళ్ళకే. చట్టం చెప్పేది క్రిమినల్ కోర్టులో విచారణ పెండింగ్‌లో ఉంటే కాదనొచ్చని. ఎఫ్ఐఆర్ ఒక్కటే ఉండి, కోర్టు ఇంకా కేసును స్వీకరించకపోతే అది ఆ లెక్కలోకి రాదని విదేశాంగ శాఖే 2019 అక్టోబర్‌లో స్పష్టం చేసింది. విచారణ నడుస్తున్నా సరే, 1993 నోటిఫికేషన్ ప్రకారం కోర్టు అనుమతి తెచ్చుకుంటే పరిమిత కాలానికి పాస్‌పోర్ట్ ఇస్తారు. కేసు దాచిపెట్టి దరఖాస్తు చేస్తే మాత్రం, రావాల్సినది కూడా పోతుంది.

కాదన్నారంటే కారణం రాతపూర్వకంగా అడగండి. కొన్ని మినహాయింపులు తప్పిస్తే, 1967 పాస్‌పోర్ట్ చట్టం సెక్షన్ 5 ప్రకారం ఇవ్వాలి. ఆ కాగితం లేకుండా సెక్షన్ 11 అప్పీల్ గానీ హైకోర్టు రిట్ గానీ బలంగా నిలబడవు. "సికింద్రాబాద్ ఆఫీసులో చెప్పారు మేడమ్, అవ్వదట" అంటూ వస్తారు. ఎవరు చెప్పారు, ఎక్కడ రాసిచ్చారు అంటే సమాధానం ఉండదు.

ఇంకొకటి. పోలీసులు దర్యాప్తులో పాస్‌పోర్ట్ స్వాధీనం చేసుకోవచ్చు, కానీ దాన్ని ఇంపౌండ్ చేసి అట్టేపెట్టే అధికారం పాస్‌పోర్ట్ అథారిటీదే. సుప్రీంకోర్టు 2008లోనే తేల్చిన విషయం ఇది. స్టేషన్ బీరువాలో నెలల తరబడి పడి ఉన్న పాస్‌పోర్ట్ గురించి అడగడానికి మొహమాటం అక్కర్లేదు.

అపోహ: గల్ఫ్‌లో కఫీల్ (పని ఇచ్చిన స్పాన్సర్) పాస్‌పోర్ట్ లాక్కుంటే చేసేదేమీ లేదు.

పాస్‌పోర్ట్ కఫీల్‌దీ కాదు, మాటకొస్తే మీదీ కాదు. పాస్‌పోర్ట్ చట్టం సెక్షన్ 17 ప్రకారం అది భారత ప్రభుత్వ ఆస్తి. అది లేకపోయినా ఎంబసీ ఔట్‌పాస్ (ఇంటికి రావడానికి ఇచ్చే అత్యవసర పత్రం) ఇవ్వగలదు. కాకపోతే ఆ దేశంలో ఎగ్జిట్ అనుమతి, పెండింగ్ కేసులు విడిగా తేలాలి. అందుకే రోజులు పడుతుంది. కుటుంబం ఇక్కడి నుంచే విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు, బేగంపేట ప్రజాభవన్‌లోని ప్రవాసీ ప్రజావాణిలో కూడా అర్జీ ఇవ్వొచ్చు. మదద్ వేగం గురించి నాకు పెద్ద భ్రమలు లేవు. కానీ ఫిర్యాదు నంబర్ లేనివాళ్ళ గోడు ఏ ఆఫీసరూ వినడు.

ఉద్యోగానికి పంపే ఏజెంట్‌కి ఎమిగ్రేషన్ చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉండాలి, సర్వీస్ ఛార్జీ 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ దాటకూడదు. రిజిస్టరైన ఏజెంట్ పేరు ప్రభుత్వ ఈ-మైగ్రేట్ సైట్‌లో దొరుకుతుంది. "విజిట్ వీసా మీద వెళ్ళండి, అక్కడ మార్పిస్తాం" అన్నాడంటే లేచి వచ్చేయండి. కంబోడియా, మయన్మార్ సైబర్ మోసాల డెన్లలో చిక్కుకున్న మన పిల్లలు విన్నది ఇలాంటి మాటలే. హెల్పర్ ఉద్యోగమని రష్యా వెళ్ళిన హైదరాబాద్ యువకుడు యుద్ధంలో చనిపోయినట్టు 2024 మార్చిలో మన ఎంబసీ ప్రకటించింది. ఆ తర్వాతే సీబీఐ పలు నగరాల్లో ఏజెంట్ల మీద దాడులు చేసింది. ప్రాణం పోయే దాకా ఆగాల్సిన పని కాదది. స్టూడెంట్ కన్సల్టెన్సీలైతే అసలు ఎమిగ్రేషన్ చట్టం కిందికే రావు. అమీర్‌పేటలో బోర్డు ఎంత పెద్దదైనా అది లైసెన్స్ కాదు.

అపోహ: బెదిరించేవాడు విదేశంలో ఉంటే ఇక్కడ కేసు పెట్టలేం.

పెట్టొచ్చు. పరిధి మాది కాదని స్టేషన్‌లో అంటే జీరో ఎఫ్ఐఆర్ అడగండి, అంటే పరిధితో పనిలేకుండా ఏ స్టేషన్‌లోనైనా రాసుకునే ఎఫ్ఐఆర్. సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన కొత్త బీఎన్ఎస్ఎస్ సెక్షన్ 173లో అది ఉంది. ఇక్కడి ఫోన్, కంప్యూటర్ లక్ష్యంగా చేసే నేరాలకు ఐటీ చట్టం సెక్షన్ 75 వర్తిస్తుంది, చేసినవాడు ఏ దేశంలో ఉన్నా సరే. మన పౌరుడు బయటి దేశంలో నేరం చేస్తే కేంద్రం అనుమతి కావాలని పోలీసులు తిప్పి పంపుతారు. ఆ అనుమతి విచారణ దశకు కావాలి గానీ ఎఫ్ఐఆర్‌కి కాదు. 2011లో ఆంధ్రప్రదేశ్ నుంచే వెళ్ళిన కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతి చెప్పింది. గొడవ జరిగింది బోట్స్వానాలో, భార్య ఫిర్యాదు ఇచ్చింది ఇక్కడ. ఆ తీర్పు ప్రింట్ తీసుకుని వెళ్తే మాట తీరు మారుతుంది.

"ఎంబసీ నుంచి మాట్లాడుతున్నాం, మీ అబ్బాయిని డిపోర్ట్ చేస్తున్నాం, డబ్బు కట్టండి" అనే ఫోన్ల గురించి ఎక్కువ చెప్పను. ఏ ఎంబసీ అలా అడగదు. స్క్రీన్ మీద ఎంబసీ నంబరే కనిపించినా అంతే. పెట్టేసి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చేయండి.

అపోహ: విదేశీయులకు ఇల్లు అద్దెకిస్తే ఓనర్ మీద కేసవుతుంది.

టోలిచౌకిలో ఈ భయం ఎక్కువ. చట్టం అడిగేది 24 గంటల్లో ఆన్‌లైన్‌లో సమాచారం ఇవ్వమని. కేసయ్యేది అద్దెకిచ్చినందుకు కాదు, చెప్పనందుకు. ఇన్నాళ్ళూ ఫారం-సి అనేవాళ్ళం, 2025 సెప్టెంబర్ 1 నుంచి కొత్త ఇమిగ్రేషన్ చట్టం అమల్లో ఉంది. మన పిల్లల్ని అక్కడ అనుమానంగా చూస్తున్నారని బాధపడుతూనే, ఇక్కడ సూడాన్ విద్యార్థికి గది దొరక్కుండా చేసేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

చివరగా మళ్ళీ ఆర్టీఐ సంగతి. వీసా మీద పనిచేయదు గానీ, మన ఎంబసీ, మన విదేశాంగ శాఖ ఏం చేశాయో అడగడానికి పనిచేస్తుంది. ఫీజు 10 రూపాయలు, గడువు 30 రోజులు. ప్రాణానికీ స్వేచ్ఛకూ సంబంధించినదైతే 48 గంటలు, ఆ మాట దరఖాస్తు పైనే రాయాలి. "మా తమ్ముణ్ణి ఎందుకు తీసుకురాలేదు" అని రాస్తే అది సమాచారం కాదని తిప్పి పంపుతారు, లేదా విదేశీ సంబంధాల మినహాయింపు చూపిస్తారు. మదద్ ఫిర్యాదు నంబర్ వేసి, దాని మీద ఏ తేదీన ఏ అధికారి ఏం రాశారో ఆ నోట్‌షీట్ల (ఫైల్లో అధికారులు రాసే పేజీల) నకలు కావాలని అడగండి. రాకపోతే 30 రోజుల్లోగా మొదటి అప్పీల్ వేయండి, దానికి కేంద్రంలో ఫీజు లేదు.