సినిమా చూశాక అనుకునే మాటలు: ఎడిటింగ్ గదిలోంచి కొన్ని అపోహలు, వాస్తవాలు

నేను సినిమా ఎడిటర్‌ని. కొత్త సినిమా చూసినవాళ్లు దాని గురించి ఏమనుకుంటున్నారో వినడం కూడా నా పనిలో భాగమే అనుకుంటాను. అది ఎవరు తీసిన సినిమా అయినా సరే, చూసినవాళ్ల మాటలు ఓపిగ్గా చదువుతాను. చదివిన కొద్దీ నాకు ఒక నమ్మకం బలపడింది. ప్రేక్షకుడికి ఏమనిపించిందో అది నూటికి నూరుపాళ్లూ నిజం. బోర్ కొట్టిందంటే కొట్టింది, ఏడుపొచ్చిందంటే వచ్చింది. దాన్ని కాదనే హక్కు సినిమా తీసినవాళ్లకు లేదు. ఎందుకలా అనిపించిందో చెప్పేటప్పుడు మాత్రం వేలు తరచుగా వేరే వైపు చూపిస్తుంది. దాంతో ఒకరి లోపానికి ఇంకొకరు మాట పడతారు, ఒకరి కష్టానికి మరొకరికి పేరొస్తుంది. నాకు ఎక్కువగా వినపడే మాటలు కొన్ని తీసుకుని, వాటి వెనక అసలు ఏం జరుగుతుందో రాస్తున్నాను.

అపోహ: "సెకండాఫ్ సాగింది. ఓ ఇరవై నిమిషాలు లేపేస్తే సినిమా ఎక్కడికో వెళ్లేది."

సినిమా సాగిందని చెప్పిన చోట మేం ముందుగా ఆ సీన్‌ని ముట్టుకోం. వెనక్కి వెళ్తాం. ఒక తండ్రి చనిపోయే సీన్ ఉందనుకోండి. ఎనిమిది నిమిషాలు. చూస్తున్నవాళ్లు సరిగ్గా అక్కడే కుర్చీల్లో కదులుతున్నారు, ఫోన్లు తీస్తున్నారు. ఆరు నిమిషాలకు కోసినా అదే కదలిక. నాలుగుకి కోస్తే సీన్ అర్థం కాకుండా పోతుంది గానీ బోర్ పోదు. మొదటి అరగంటలోకి వెళ్లి చూస్తే, ఆ తండ్రీకొడుకులు ఊరికే కూర్చుని మాట్లాడుకునే రెండు నిమిషాల సీన్ ఒకటి "కథకి అవసరం లేదు" అని ఎప్పుడో తీసేసి ఉంటుంది. దాన్ని తిరిగి పెడితే ఆ ఎనిమిది నిమిషాలూ నిలబడతాయి. సినిమా రెండు నిమిషాలు పెరుగుతుంది, చూసేవాళ్లకి మాత్రం చిన్నదైనట్టు ఉంటుంది. నిడివి గడియారంలో ఒకలా, మనసులో ఇంకొకలా నడుస్తుంది. మేం పనిచేసేది రెండోదాని మీద.

ఇంకో కారణం, ఒకే పని చేసే సీన్లు రెండు ఉండటం. విలన్ ఎంత క్రూరుడో ఒకసారి చూపించారు, ప్రేక్షకుడు నమ్మేశాడు. మళ్లీ అదే విషయం చెప్పే సీన్ వస్తే, అది ఎంత బాగా తీసినా తిట్లు దానికే పడతాయి. కొన్నిసార్లు రెండోదే మంచి సీన్ అయి ఉంటుంది, అలాంటప్పుడు మొదటిది తీసేయాలి. అది ప్రేక్షకులెవరూ ఫిర్యాదు చేయని సీన్ కాబట్టి, దర్శకుణ్ని, నిర్మాతను ఒప్పించడం చాలా కష్టం.

ఇక మూడోది, నా దృష్టిలో అన్నిటికన్నా పెద్దది. చూసేవాళ్ల మనసులో ఒక ప్రశ్న తిరుగుతున్నంతసేపూ సినిమా సాగదు. పట్టుబడతాడా, క్షమిస్తుందా, ఆ ఉత్తరం చేరుతుందా, ఏదో ఒకటి. ఆ ప్రశ్నకు జవాబు తెలిసిపోయాక కూడా కథ ఇంకా నడుస్తుంటే ప్రతి నిమిషం బరువే. కాబట్టి "ఎక్కడ సాగింది?" అని అడిగేకంటే "ఏ సీన్ తర్వాత ఇంకేం జరుగుతుందో మీకు తెలిసిపోయింది?" అని అడిగితే మాకు పనికొచ్చే జవాబు దొరుకుతుంది.

కోస్తే బాగుపడిన సినిమాలు లేవని కాదు. 1968లో దర్శకుడు స్టాన్లీ కుబ్రిక్ తన అంతరిక్ష సినిమా 2001: ఎ స్పేస్ ఒడిస్సీని మొదటి ప్రదర్శనల తర్వాత తనే 19 నిమిషాలు తగ్గించారు. ఈనాడు అందరూ చూస్తున్నది ఆ తగ్గించిన రూపమే. అయితే ఆ కోత ఒకేచోట పెట్టింది కాదు, సినిమా పొడవునా చాలాచోట్ల కొంచెం కొంచెంగా తీసింది.

అపోహ: "కట్లు ఎక్కువుంటే సినిమా స్పీడ్‌గా ఉంటుంది."

కట్లు, అంటే ఒక షాట్ నుంచి ఇంకో షాట్‌కి మారే చోట్లు, పెరిగిన మాట నిజమే. 1930 నుంచి 1960 దాకా హాలీవుడ్ సినిమాల్లో ఒక్కో షాట్ సగటున 8 నుంచి 11 సెకన్లు ఉండేది. 1990ల చివరికొచ్చేసరికి చాలా సినిమాల్లో అది 3 నుంచి 6 సెకన్లకు పడిపోయింది. అంతమాత్రాన పాత సినిమాలన్నీ నెమ్మదిగానూ, కొత్తవన్నీ వేగంగానూ అనిపించవు కదా.

వరసగా అరసెకను షాట్లు పేర్చిన ఫైట్ చూసి "ఏం జరుగుతుందో అర్థం కాలేదు" అంటారు. అది సరైన ఫిర్యాదు. కట్ పడిన ప్రతిసారీ కన్ను తెర మీద కొత్తగా వెతుక్కోవాలి, ఆ వెతుకులాటలోనే షాట్ అయిపోతుంది. 2015లో వచ్చిన మ్యాడ్ మ్యాక్స్: ఫ్యూరీ రోడ్‌ని చూడండి. ఎడిటర్ మార్గరెట్ సిక్సెల్ దాదాపు 480 గంటల ఫుటేజ్ నుంచి రెండు గంటల సినిమా తీశారు. అందులో సుమారు 2,700 కట్లున్నాయి. అయినా ఎక్కడా తికమక ఉండదు. ముఖ్యమైన వస్తువు గానీ మనిషి గానీ దాదాపు ప్రతి షాట్‌లో ఫ్రేమ్ మధ్యలోనే ఉండేలా తీశారు కాబట్టి, కన్ను కదలకుండానే తర్వాతి షాట్‌ని అందుకుంటుంది. షూటింగ్‌లోనే ఆ జాగ్రత్త తీసుకోకపోతే ఎడిటింగ్ టేబుల్ మీద ఎవరూ ఏమీ చేయలేరు.

అపోహ: "సింగిల్ షాట్ సినిమా కదా, ఎడిటర్‌కి పనేముంది?"

2002లో వచ్చిన రష్యన్ ఆర్క్ నిజంగానే ఒకే టేక్. హెర్మిటేజ్ మ్యూజియంలో ఆపకుండా గంటన్నర పైన తీశారు. 2019లో వచ్చిన 1917 అలాంటిది కాదు. ఎన్నో పొడవైన టేకుల్ని చీకటి గుమ్మం దాటేటప్పుడో, ఎవరైనా కెమెరాకి అడ్డం వచ్చినప్పుడో కనపడకుండా అతికారు. అలాంటి సినిమాకి ఎడిటర్ షూటింగ్ జరుగుతుండగానే పని మొదలుపెడతాడు. ఈరోజు తీసిన టేక్ చివర, రేపు తీయబోయే టేక్ మొదలు ఒకే వేగంతో ఉన్నాయో లేదో అప్పటికప్పుడు చూసుకోవాలి. తర్వాత సరిచేసుకుందాం అనుకోవడానికి వీల్లేదు.

అపోహ: "ఆ కళ్లతో నటించిన సీన్ ఉంది చూశారా, అదంతా ఆ నటుడి గొప్పతనమే."

నటుల కష్టాన్ని తగ్గించే ఉద్దేశం నాకు లేదు. రోజూ వాళ్ల టేకులు చూసేవాణ్ని, ఆ విలువ నాకు తెలుసు. కానీ మౌనంగా చూసే క్లోజప్ ఎంత చెబుతుందనేది దాని పక్కన ఏముందో దాన్నిబట్టి ఉంటుంది. దాదాపు వందేళ్ల కిందట సోవియట్ దర్శకుడు లెవ్ కులెషోవ్ ఇవాన్ మొజుఖిన్ అనే నటుడి ముఖం ఉన్న ఒకే షాట్‌ని ఒకసారి సూప్ గిన్నె పక్కన, మరోసారి శవపేటిక పక్కన పెట్టి చూపించారు. ముఖం మారలేదు. చూసినవాళ్లకి మాత్రం ఒకచోట ఆకలి, ఇంకోచోట దుఃఖం కనిపించాయి.

ఈ రోజుకీ మా పనిలో సగం అదే. ఒక డైలాగ్ తర్వాత నటుడు రెండు సెకన్లు ఆగినట్టు మీకు కనిపిస్తుంది. నిజానికి సెట్‌లో అతను ఆగలేదు. ఎదుటి మనిషి వింటున్న షాట్ ఒకటి మధ్యలో పెట్టి ఆ ఆగడాన్ని మేం తయారుచేశాం. మూడో టేక్ గొంతు, ఐదో టేక్ ముఖం కలిసి ఒక మనిషిగా కనిపించడం కూడా మామూలే.

దీనికి రెండో వైపు కూడా ఉంది, అది చాలామంది పట్టించుకోరు. "అతనికి నటన రాదు" అని మీకనిపించిన చోట ఆ కుర్రాడు బాగానే చేసి ఉండొచ్చు. అతని మంచి టేక్‌లో ఫోకస్ పోయి ఉండొచ్చు. సెట్‌లో గాలి చప్పుడుకి ఆడియో పాడై, నెలల తర్వాత చిన్న గదిలో నిలబడి ఆ ఏడుపుని మళ్లీ డబ్బింగ్ చెప్పాల్సి వచ్చి ఉండొచ్చు. కొత్త నటుల్ని ఒక్క సినిమాతో కొట్టిపారేసినప్పుడు నాకు చాలా బాధేస్తుంది.

అపోహ: "గ్లాసులో నీళ్లు ఒక షాట్‌లో సగం, ఇంకో షాట్‌లో నిండుగా ఉన్నాయి. ఎవరూ చూసుకోలేదన్నమాట!"

చూసుకున్నాం. దాదాపు ప్రతిసారీ చూసుకునే ఉంటాం. ఎడిటర్ వాల్టర్ మర్చ్ ఒక కట్‌లో ఏది ఎంత ముఖ్యమో వరస చెప్పారు. అందులో భావోద్వేగానికి 51 శాతం, కథకి 23 శాతం ఇచ్చారు. మనుషులు, వస్తువులు ఎక్కడున్నాయో సరిగ్గా కలవడం అన్నిటికన్నా చివర వస్తుంది, దానికిచ్చింది 4 శాతం. గ్లాసు కలిసిన టేక్‌లో ఆమె గొంతు పొడిగా ఉంటే, గ్లాసు కలవని టేక్‌లో గొంతు వణికితే, నేను వణికిన గొంతునే తీసుకుంటాను. మీరు గ్లాసుని గమనించారంటే, ఆ క్షణంలో సీన్ మిమ్మల్ని పట్టుకోలేదని అర్థం. మేం ఆలోచించాల్సింది ఆ విషయం గురించి.

అపోహ: "మాటలు వినపడలేదు. మిక్సింగ్ చెత్త."

కొన్నిసార్లు నిజంగా మిక్సింగ్‌దే, అంటే మాటలు, సంగీతం, చప్పుళ్లు కలిపే పనిదే తప్పు. అయినా ఆ మాట అనేముందు ఎక్కడ చూశారో గుర్తు తెచ్చుకోండి. థియేటర్ సౌండ్‌కి ఒక ప్రామాణిక స్థాయి ఉంది. హాల్లో సౌండ్‌ని నడిపే డాల్బీ ప్రాసెసర్ మీద అది 7 అంకె. తెర వెనక ఉన్న ఒక్కో స్పీకర్ నుంచి ప్రేక్షకులు కూర్చునే చోట 85 డెసిబెళ్లు వచ్చేలా దాన్ని సరిచూస్తారు. సినిమా మిక్స్ చేసే గది కూడా అదే స్థాయిలో ఉంటుంది. చప్పుడు ఎక్కువైందని ఎవరో ఫిర్యాదు చేయగానే హాల్లో దాన్ని 5కి దించితే దాదాపు 6, 7 డెసిబెళ్లు పోతాయి. పేలుళ్లు అప్పటికీ వినపడతాయి, గుసగుసలు మాత్రం మునిగిపోతాయి. మీరు చూసింది ఆ హాలు వినిపించిన సినిమా.

ఇంట్లో పరిస్థితి వేరు. సినిమాలో మాటలు ఎక్కువగా మధ్య స్పీకర్ నుంచే వస్తాయి. ఐదారు స్పీకర్ల కోసం చేసిన మిక్స్‌ని టీవీలోని రెండు చిన్న స్పీకర్లలోకి కుదించినప్పుడు సంగీతం, మాటలు ఒకదాని మీద ఒకటి పడతాయి. ప్లేయర్‌లో ఆడియో స్టీరియోకి మార్చి చూడండి, చాలాసార్లు అక్కడే తేడా తెలుస్తుంది.

టీవీ సంగతి వచ్చింది కాబట్టి ఇంకొకటి. "పెద్ద బడ్జెట్ సినిమా సీరియల్‌లా కనిపించింది" అని రాసేవాళ్లున్నారు. సినిమా సెకనుకి 24 ఫ్రేములు. కొత్త టీవీల్లో చాలావరకు ఆ ఫ్రేముల మధ్య లేని ఫ్రేముల్ని తామే పుట్టించి కదలికని నున్నగా చేసే సెట్టింగ్ ఉంటుంది. దాన్ని ఆపేయండి. ఫిల్మ్‌మేకర్ మోడ్ పేరుతో 2019లో ప్రకటించిన సెట్టింగ్ మీ టీవీలో ఉంటే అది పెట్టుకుంటే చాలు. కెమెరామన్‌కి ఇంతకంటే పెద్ద న్యాయం ప్రేక్షకులు చేయలేరు.

అపోహ: "90 శాతం వచ్చిందంటే వందకి 90 మార్కుల సినిమా."

విమర్శకుల రివ్యూలను లెక్కగట్టే వెబ్‌సైట్ రాటెన్ టొమాటోస్ చూపించే శాతం మార్కుల సగటు కాదు. ఎంతమంది విమర్శకులు మొత్తం మీద బాగుందన్నారో చెప్పే లెక్క అది. పదిమందిలో తొమ్మిదిమంది "పర్వాలేదు, చూడొచ్చు" అన్నా 90 శాతం వస్తుంది. ఆరుగురు ప్రాణం పెట్టి ప్రేమించి, నలుగురు అస్సలు భరించలేని సినిమాకి 60 శాతమే వస్తుంది. పదేళ్ల తర్వాత కూడా జనం మాట్లాడుకునేది ఆ రెండో సినిమా గురించే కావచ్చు. అమెరికాలో ప్రేక్షకుల్ని సర్వే చేసే సినిమాస్కోర్ సంస్థ ఇచ్చే గ్రేడ్ ఇంకో రకం. విడుదల రోజు హాలుకి వచ్చినవాళ్లని అడిగి ఇస్తారు. మొదటి రోజే టికెట్ కొన్నవాళ్లు ఏం ఆశించి వచ్చారో, అది దొరికిందా లేదా అన్నదే అందులో ఎక్కువగా తెలుస్తుంది.

అపోహ: "డైరెక్టర్స్ కట్ అంటే ఇంకా పొడవు, ఇంకా మంచిది."

డైరెక్టర్స్ కట్ అంటే దర్శకుడి పేరుతో తర్వాత విడుదలయ్యే మరో రూపం. అది ఎప్పుడూ అలా ఉండదని చెప్పడానికి దర్శకుడు రిడ్లీ స్కాట్ సినిమాలు రెండు చాలు. బ్లేడ్ రన్నర్ 1982లో విడుదలైంది. 1992 నాటి రూపంలో హీరో వ్యాఖ్యానాన్ని, అతికించినట్టున్న సుఖాంతాన్ని తీసేశారు. సినిమా స్థాయి పెరిగింది, నిడివి పెద్దగా మారలేదు. ఏలియన్ సంగతి దీనికి తిరగబడి ఉంటుంది. 2003లో డైరెక్టర్స్ కట్ పేరుతో వచ్చింది అసలు దానికన్నా ఓ నిమిషం తక్కువే. పైగా 1979 నాటి రూపమే తనకు సరైనదని స్కాటే చెప్పారు.

అపోహ: "ట్రైలర్‌లో చూపించిన షాట్ సినిమాలో లేదు, మోసం చేశారు."

ట్రైలర్ తరచుగా సినిమా లాక్ కాకముందే, అంటే ఎడిటింగ్ పూర్తిగా ఖరారు కాకముందే తయారవుతుంది, చాలాసార్లు దాన్ని కట్ చేసేది వేరే ఎడిటర్. అప్పటికి ఉన్న సీన్ ఆ తర్వాత ఎగిరిపోతుంది. అంతకుమించి ఏమీ లేదు.

అపోహ: "నాకు టెక్నికల్‌గా ఏమీ తెలియదు, నా అభిప్రాయం ఎవరికి కావాలి?"

మాకు కావాలి. విడుదలకు ముందు చూపించే టెస్ట్ షోలకి సినిమావాళ్లని కాకుండా మామూలు ప్రేక్షకుల్నే పిలుస్తాం. వాళ్లని స్క్రీన్‌ప్లే గురించి అడగం. ఎక్కడ తికమక పడ్డారు, ఎవరి మీద కోపం వచ్చింది, ఏ పాత్ర మళ్లీ వస్తే బాగుండనిపించింది, ఎప్పుడు టైమ్ చూసుకున్నారు, ఇవీ మా ప్రశ్నలు. "స్క్రీన్‌ప్లే వీక్, ఎడిటింగ్ షార్ప్‌గా లేదు" అని రాస్తే నాకు తెలిసేది చాలా తక్కువ. "చెల్లెలు ఇల్లు వదిలి వెళ్లినప్పుడు నాకేమీ అనిపించలేదు, అక్కడ్నుంచి మనసు పెట్టలేకపోయాను" అని ఒక్క ముక్క రాయండి. తర్వాతి సినిమాలో అలాంటి చెల్లెలి సీన్ నా టేబుల్ మీదకి వచ్చినప్పుడు, ఆమె ఇంట్లో ఉన్న సీన్లు ఎన్ని మిగిల్చానో ముందే లెక్కపెట్టుకుంటాను.