బాకీ పేరుతో మనిషిని ఆపితే

నెల్లూరు

చిరంజీవులకు ఆశీస్సులు.

మొన్న సెలవులకు వచ్చినప్పుడు మీరు అడిగిన ప్రశ్నకు నోటిమాటగా ఏదో చెప్పి ఊరుకోవడం నాకు తృప్తినివ్వలేదు. ఇటుక బట్టీలో మీ ఈడు పిల్లవాడు బడివేళలో పచ్చి ఇటుకలు తిరగేస్తూ కనిపించాడనీ, బడికి ఎందుకు రావని అడిగితే "అడ్వాన్సు తీరలేదు" అన్నాడనీ చెప్పి, ఇది వెట్టిచాకిరేనా, అయితే ఎవరికి చెప్పాలి అని అడిగారు. వెట్టిచాకిరి అంటే సంకెళ్లు, కొరడాలు ఉంటాయనుకునేవారికి ఆ మాటలో తప్పేమీ కనిపించదు. ఈ కాలంలో ఆ పనంతా చేసేది అడ్వాన్సే.

అది ఎలా జరుగుతుందో చెబుతాను. ఊళ్లో పనులు దొరకని నెలల్లో, బట్టీకి కూలీలను కుదిర్చే మేస్త్రీ వచ్చి, ఇంట్లో జబ్బుకో పెళ్లికో అవసరమైన డబ్బు చేతిలో పెట్టి, కుటుంబాన్నంతా బట్టీకి తీసుకుపోతాడు. మేస్త్రీల లెక్క పుస్తకం ఒకటి నేను చూశాను. ఎడమవైపు అడ్వాన్సు, దాని కింద వారంవారం ఇచ్చిన తిండి ఖర్చు, మందుల ఖర్చు, పండగకు ఊరెళ్లడానికి ఇచ్చిన ఛార్జీలు వరుసగా ఉన్నాయి. కుడివైపు, ఆ కుటుంబం ఎన్ని వేల ఇటుకలు కోసిందో రాయవలసిన చోట, పేజీ తర్వాత పేజీ ఖాళీగానే ఉంది. అంకెలు చదవడం రాని మనిషికి ఆ పుస్తకం చూపించి "ఇంకా నువ్వే బాకీ" అంటే అతను ఏమని ఎదురు చెప్పగలడు?

కష్టమైన పనల్లా వెట్టి కాదు. మానేసి వేరేచోట పనికి వెళ్లే స్వేచ్ఛ ఆ మనిషికి ఉందా, కనీస వేతనం చేతికి అందుతోందా, ఊరికి వెళ్లాలంటే భార్యనో బిడ్డనో అక్కడే వదిలి వెళ్లమంటున్నారా, ఆధార్, రేషన్ కార్డులు ఎవరి దగ్గర ఉన్నాయి అన్నవి చూడాలి. కనీస వేతనం కన్నా తక్కువకు పని చేయించుకోవడం కూడా రాజ్యాంగంలోని 23వ అధికరణం నిషేధించిన బలవంతపు చాకిరీయేనని సుప్రీంకోర్టు 1982లోనే తీర్పు చెప్పింది. మన ప్రాంతంలో ఇది బట్టీలతో ఆగలేదు. రొయ్యల గుంటల గట్ల మీది కాపలా గుడిసెల్లోనూ, జామాయిల్ కర్ర నరికే చోటనూ, బాతులు మేపే గుంపుల్లోనూ ఉంది. చిక్కుకునేవారిలో ఎక్కువగా యానాదులనే గిరిజనులే కనిపిస్తారు. సంఘసేవకులు వెన్నెలకంటి రాఘవయ్యగారు జీవితమంతా ఆ యానాదుల కోసమే పనిచేశారు; వారి మనవల కాలానికి కూడా వారిని విడిపించే పని మిగిలే ఉంది.

ఇక ఎవరికి చెప్పాలో వినండి. మీరు మీరుగా యజమాని దగ్గరికి వెళ్లి నిలదీయకండి. రాత్రికి రాత్రే ఆ కుటుంబాన్ని వేరే జిల్లాకు తరలించేస్తారు. ఆ పిల్లవాడి ఫొటో తీయడం, పేరు నలుగురిలో చెప్పడం కూడా వద్దు. బట్టీ ఏ ఊళ్లో ఏ రోడ్డు పక్కన ఉందో, ఎన్ని కుటుంబాలు కనిపించాయో గుర్తుపెట్టుకుని ఇంట్లో పెద్దవారికి చెప్పండి. పిల్లల విషయమైతే 1098కు, అపాయం కళ్లెదుట ఉంటే 112కు ఫోన్ చేయవచ్చు. దానితోపాటు కలెక్టరుకు గానీ ఆర్డీఓకు గానీ రాతపూర్వకంగా అర్జీ ఇవ్వాలి. మండలం పేరు తెలిపితే అర్జీ నేనే రాసి పెడతాను. రెవెన్యూ ఆఫీసుల గురించి మీ నాన్న వేసే జోకులు నాకూ తెలుసు గానీ, 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం ఈ బాధ్యతను జిల్లా మేజిస్ట్రేటు, అంటే కలెక్టరు మీదనే పెట్టింది. పోలీసులు కేసు పెట్టగలరు. వెట్టి నుంచి విడుదలైనట్టు తెలిపే విడుదల పత్రం మాత్రం రెవెన్యూ అధికారి ఇవ్వవలసిందే. ఆ పత్రం లేకపోతే తర్వాత రావలసిన సాయం ఏదీ సులువుగా రాదు.

ఈ చట్టంలో నాకు బాగా నచ్చినవి రెండున్నాయి. మొదటిది, తానిచ్చినది వెట్టి అప్పు కాదని నిరూపించుకోవలసిన భారం అప్పిచ్చినవాడిదే తప్ప కూలివాడిది కాదు. రెండోది, ఆ అప్పు చట్టప్రకారం రద్దయిపోయింది గనుక దానికింద డబ్బు వసూలు చేసుకోవడం కూడా శిక్షార్హమే. అందుకే, జాలిపడి ఎవరైనా ఆ బాకీ తామే కట్టి విడిపిస్తామంటే నేను ఒప్పుకోను. ఆ డబ్బుతో మేస్త్రీ ఇంకో కుటుంబానికి అడ్వాన్సు ఇస్తాడు.

విడిపించడం కన్నా, విడిపించిన తర్వాతి నెల గడవడమే కష్టం. తిండిగింజలూ పనీ లేకపోతే ఆ కుటుంబం మళ్లీ అదే మేస్త్రీ కోసం ఎదురుచూస్తుంది. కేంద్ర పునరావాస పథకం కింద తక్షణ సాయంగా 30,000 రూపాయల వరకూ ఇవ్వవచ్చు. ఆపైన పురుషులకు 1 లక్ష, స్త్రీలకూ పిల్లలకూ 2 లక్షలు, అక్రమ రవాణా వంటి ఘోరమైన సందర్భాల్లో 3 లక్షలు ఉన్నాయి. అయితే ఈ పెద్ద మొత్తం కోర్టులో నేరం రుజువు కావడంతో ముడిపడి ఉన్నందున ఏళ్లు పట్టవచ్చు. అంతవరకూ ఇంటిస్థలం, రేషన్ కార్డు, పిల్లలకు హాస్టల్ సీటు కోసం పట్టుపట్టాలి. యానాదులైతే వారికోసమే నెల్లూరులో ఐటీడీఏ, అంటే గిరిజనాభివృద్ధి సంస్థ ఉంది. పిల్లవాడి రక్షణ సంగతి బాలల సంక్షేమ కమిటీ చూస్తుంది. ఉచితంగా వకీలు కావాలంటే 15100కు ఫోన్ చేస్తే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ద్వారా ఏర్పాటు చేస్తారు. ఎగ్గొట్టిన కూలి రాబట్టడానికి కూడా ఆ వకీలే ఉపయోగపడతాడు.

విడుదల పత్రానికి రెండు మూడు జిరాక్స్ కాపీలు తీయించి, ఒకటి ఆ కుటుంబం నమ్మే మనిషి దగ్గర ఉంచమని చెప్పాలి. తక్షణ సాయం ఆలస్యమైతే, సోమవారం కలెక్టరేట్‌లో ప్రజల ఫిర్యాదులు తీసుకునే గ్రీవెన్స్‌కు ఆ కాపీ జతచేసి మళ్లీ అర్జీ ఇచ్చి, రసీదు తీసుకోవాలి.

ఇట్లు,
మీ తాతయ్య