ఇద్దరూ పోయాక నడిచిన కేసు

1971 ఫిబ్రవరి 24న పశ్చిమ జర్మనీ రాజ్యాంగ న్యాయస్థానం 'మెఫిస్టో' నవల మీద ఉన్న నిషేధాన్ని ఎత్తేయలేదు. రాసిన క్లాస్ మన్ 1949లోనే చనిపోయాడు. ఎవరి పరువు కోసం కేసు పెట్టారో ఆ రంగస్థల నటుడు గుస్టాఫ్ గ్రుండ్‌గెన్స్ కూడా 1963లో మనీలాలో కన్నుమూశాడు. గొడవ మాత్రం చల్లారలేదు.

అసలు వీళ్లు ఒకప్పుడు బావాబామ్మర్దులు. 1899లో డుస్సెల్‌డార్ఫ్‌లో పుట్టిన గ్రుండ్‌గెన్స్ హాంబర్గ్ నాటకాల్లో పేరు తెచ్చుకుని, 1926లో క్లాస్ అక్క ఎరికాను పెళ్లాడాడు. మూడేళ్లకే విడిపోయారు. 1932లో బెర్లిన్‌లో గోతే రాసిన 'ఫౌస్ట్' నాటకంలో సైతాను మెఫిస్టో వేషం వేశాడు. ఆ వేషమే అతని ఇంటిపేరైపోయింది. మరుసటి ఏడు నాజీలు గద్దెనెక్కారు. మన్ కుటుంబం దేశం విడిచింది, అతను ఉండిపోయాడు. 1934లో నాజీ నాయకుడు గోరింగ్ అతన్ని బెర్లిన్ ప్రభుత్వ నాటకశాలకు అధిపతిని చేశాడు.

1936లో ప్రవాసంలో ఉన్న క్లాస్, పదవి కోసం నాజీలకు లొంగిపోయే నటుడి కథను 'మెఫిస్టో' పేరుతో ఆమ్‌స్టర్‌డామ్‌లో అచ్చు వేయించాడు. ఎవరి బొమ్మా గీయలేదన్నాడు గానీ, చదివినవాళ్లకు మనిషెవరో ఇట్టే తెలిసిపోయింది.

ఇక్కడే చిక్కు. కమ్యూనిస్టు నటుడు ఎర్నెస్ట్ బుష్ 1943లో నాజీల చేతికి చిక్కితే, ఉరి తప్పించడానికి గ్రుండ్‌గెన్స్ లాయర్లను పెట్టాడు. యుద్ధం ముగిశాక సోవియట్లు గ్రుండ్‌గెన్స్‌ను తొమ్మిది నెలలు నిర్బంధించారు. అప్పుడు అతని తరఫున మాట్లాడింది ఆ బుష్షే. 1936లో రాసిన నవలకు ఇదంతా తెలిసే వీల్లేదు. అలాగని గోరింగ్ ఇచ్చిన కుర్చీలో కూర్చోవడం అబద్ధమైపోదు. నాకైతే ఈ రెండింటినీ ఒకే తక్కెడలో తూచడం ఇప్పటికీ కుదరదు.

తర్వాత అతను డుస్సెల్‌డార్ఫ్, హాంబర్గ్ నాటకశాలలను నడిపాడు, మెఫిస్టోగా మళ్లీ జేజేలు కొట్టించుకున్నాడు. అతను పోయాక పశ్చిమ జర్మనీలో నవల వేయబోతే దత్తపుత్రుడు పీటర్ గోర్స్కీ కోర్టుకెక్కాడు. 1966లో హాంబర్గ్ కోర్టు, 1968లో సుప్రీంకోర్టు స్థాయి ఫెడరల్ కోర్టు ప్రచురణ వద్దన్నాయి. రాజ్యాంగ న్యాయస్థానంలో జడ్జీలు ముగ్గురు ఇటు, ముగ్గురు అటు. సమానంగా చీలడంతో ప్రచురణకర్త ఫిర్యాదు వీగిపోయింది. చావుతో మనిషి గౌరవం పోదని, అయితే జ్ఞాపకం మసకబారేకొద్దీ ఆ రక్షణా పలచబడుతుందని తీర్పు చెప్పింది.

ఆ రెండో మాటే చివరికి అక్కరకొచ్చింది. 1981లో రోవోల్ట్ సంస్థ, నిషేధం రద్దు కాకుండానే, ధైర్యం చేసి నవలను అచ్చు వేసింది. కాపీలు విపరీతంగా అమ్ముడుపోయాయి.