అమ్మమ్మ నడుముకి వేలాడే డబ్బా

చిన్నీ, బంటీ,

మొన్న వీడియో కాల్‌లో నా నడుము దగ్గర వేలాడే డబ్బా చూసి "అమ్మమ్మా, అది రస్నానా?" అని అడిగావు కదరా బంటీ. మీ అమ్మ గబుక్కున ఫోన్ లాగేసుకుంది. ఇందులో దాచేదేముంది, నేనే చెబుతాను.

ఆపరేషన్‌లో నా ఎడమ రొమ్ముతో పాటు చంకలో ఉండే బిళ్లల్లాంటి చిన్న గ్రంథులు కూడా తీశారు. తీసినచోట చర్మం కింద ఖాళీ మిగిలింది. అందులోకి, బావిలో ఊటలా, ఒంట్లో నీరు ఊరుతుంది. లోపలే నిలిచిపోతే వాపు, కుట్ల మీద ఒత్తిడి, ఒక్కోసారి చీము. అందుకే సన్నటి గొట్టం పెట్టి, చివర ఈ డబ్బా తగిలించారు. దాన్ని నొక్కి గాలి తీసి మూత పెడితే, మళ్లీ విచ్చుకుంటూ నీటిని లాక్కుంటుంది.

పొద్దున్నే మీ తాతయ్య సబ్బుతో చేతులు కడుక్కుని, ఆ నీటిని గీతల గ్లాసులో కొలిచి, క్యాలెండర్‌లో పాల లెక్క పక్కనే రాస్తారు. మొదటిరోజు 140 మి.లీ., ఎర్రగా. నిన్న 45, ఎండుగడ్డిలా లేత పసుపు రంగులో. వరసగా రెండు రోజులు 30 లోపు వస్తే గొట్టం తీసేస్తానంది డాక్టరమ్మ. తీశాక కూడా కాస్త నీరు చేరొచ్చట, ఎక్కువైతే సూదితో లాగేస్తారట. కుట్ల చుట్టూ ఎర్రబడి వేడిగా ఉన్నా, చీము కారినా, జ్వరం 100.4 దాటినా, అర్ధరాత్రయినా సరే ఫోన్ చేయమంది.

పక్కింటావిడ పసుపు పెట్టమంది. వద్దన్నాను. "పప్పు తింటే చీము పడుతుంది" అని కూడా అంది. నవ్వొచ్చింది, ఎందుకంటే చిన్నీ పుట్టినప్పుడు మీ అమ్మకి కుట్లు పడితే నేనూ అదే మాట అని, నెలరోజులు కారప్పొడి అన్నమే పెట్టాను! పాపం పిల్ల. గాయం పూడాలంటే పప్పు, గుడ్డు, పెరుగు కావాలట. చీము పట్టేది సూక్ష్మక్రిముల వల్ల. నాలాంటి వాళ్లకి షుగర్ పెరిగితే వాటికి మరీ అలుసు. అందుకే మీ తాతయ్య నా లడ్డూల డబ్బా అటక మీద పెట్టేశారు.

చేతిని పూర్తిగా కట్టేసుకుని కూర్చోకూడదు, అలాగని బరువులూ ఎత్తకూడదు. జడ వేసుకోవడం ఇంకా కుదరట్లేదు. తాతయ్య వేస్తున్నారు, ఎలా ఉంటుందో ఫొటో పంపుతాలే.

సెలవులకి వచ్చినప్పుడు బంటీ, పరిగెత్తుకొచ్చి ఎడమవైపు మీద పడకు. కుడివైపు ఖాళీయే.

మీ అమ్మమ్మ