మాత్ర మానకపోయినా మందు ఎందుకు ఓడిపోతుంది? హెచ్‌ఐవీ నిరోధకత పరీక్ష వెనుక కథ

హెచ్‌ఐవీకి తొలి మందు జిడోవుడిన్‌కు 1987లో అమెరికాలో అనుమతి వచ్చింది. రెండేళ్లకే, 1989లో, లార్డర్, డార్బీ, రిచ్‌మన్ అనే శాస్త్రవేత్తలు దానికి లొంగని వైరస్‌ను చూపించారు. మందుకు ఇలా లొంగకపోవడాన్నే నిరోధకత అంటారు. ఆరు నెలలకు మించి ఆ మందు వాడినవారిలో అది బయటపడింది. అందరూ ఆశ పెట్టుకున్న మందు అంత త్వరగా పట్టు కోల్పోయింది.

కారణం వైరస్ స్వభావంలోనే ఉంది. నకళ్లు తీసుకునేటప్పుడు దొర్లే తప్పులను అది దిద్దుకోదు. ఆ నకళ్లు తీసే రివర్స్ ట్రాన్‌స్క్రిప్టేజ్ ఎంజైములో 184వ స్థానంలో మిథియోనిన్ అనే అమైనో ఆమ్లం బదులు వాలిన్ అనే మరొకటి చేరితే చాలు, లామివుడిన్ అనే మరో హెచ్‌ఐవీ మందు బలం చాలావరకు పోతుంది. 103వ స్థానంలో ఒక్క మార్పు వస్తే నెవిరపిన్ అనే ఇంకో మందు పనిచేయదు. రక్తంలోని వైరస్ జన్యువును చదివి ఇలాంటి మార్పులను పట్టుకోవడమే నిరోధకత పరీక్ష. ఈ ఫలితాన్ని చూసి మందులు మారిస్తే వైరస్ మెరుగ్గా అదుపులోకి వస్తుందని 1999లో ఫ్రాన్స్‌లోని విరాడాప్ట్ అధ్యయనం తేల్చింది. ఒక మెలిక ఉంది: మందులు ఆపేశాక రక్తం తీస్తే మారిన వైరస్ మరుగున పడిపోయి, నివేదిక బాగానే ఉన్నట్టు కనిపించవచ్చు.

భారత్‌లో ఉచిత ఏఆర్‌టీ, అంటే హెచ్‌ఐవీని అదుపులో ఉంచే మందుల చికిత్స, 2004 ఏప్రిల్ 1న మొదలైంది. తొలి విడత రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఎన్నో ప్రాణాలను నిలబెట్టిన పథకమిది. అయితే మందు పనిచేస్తోందో లేదో చాలా ఏళ్లపాటు ప్రధానంగా హెచ్‌ఐవీ దెబ్బతీసే రోగనిరోధక కణాలైన సీడీ4 కణాల లెక్కను బట్టే చూశారు. వైరస్ పెరిగిన ఎన్నో నెలలకు గానీ ఆ లెక్క పడిపోదు. ఈలోగా అవే మాత్రలు కొనసాగితే మార్పులు ఒకదానిపై ఒకటి పేరుకుని, తర్వాత ఇవ్వాల్సిన మందులూ బలహీనపడతాయి. క్రమం తప్పకుండా మాత్రలు వేసుకున్నవారు సైతం "మానేశారా?" అన్న ప్రశ్న ఎదుర్కోవలసి రావడం అన్యాయం. రక్తంలో వైరస్ ఎంత ఉందో నేరుగా కొలిచే వైరల్ లోడ్ పరీక్ష ఏఆర్‌టీలో ఉన్న అందరికీ 2018లో గానీ మొదలు కాలేదు. నా దృష్టిలో, ఖరీదైన నిరోధకత పరీక్ష లేకపోవడం కంటే ఈ ఆలస్యమే ఎక్కువ నష్టం చేసింది.

2017 నాటికి ప్రపంచ ఆరోగ్య సంస్థ సర్వే చేసిన 11 దేశాల్లో ఆరింట, చికిత్స మొదలుపెట్టేవారిలో పది శాతానికి పైగా నెవిరపిన్ వర్గం మందులకు లొంగని వైరస్ కనిపించింది. డోలుటెగ్రావిర్ అనే కొత్త మందు వైపు మళ్లడానికి ఇదొక ముఖ్య కారణం. ఆ మందు పనిచేసేది ఇంటిగ్రేజ్ అనే మరో ఎంజైముపై. పాత నిరోధకత పరీక్షలు చాలావరకు ఆ భాగాన్ని చదవవు. వైరల్ లోడ్ ఎక్కువగా ఉండగానే ఈ మందుకు మారినవారిలో నిరోధకత 19.6 శాతం వరకు కనిపించిందని అదే సంస్థ 2024లో చెప్పింది. ఇంటిగ్రేజ్‌ను చదవగల ప్రయోగశాలలు జిల్లాల్లోని రోగులకూ అందుబాటులోకి రావాలి.