డబ్బా ఉంది, కాయిల్ లేదు

పలమనేరు వైపు టమోటా రైతు పొద్దున్నే మోటారు వేయబోతే కరెంటు లేదు. వెళ్లి చూస్తే ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె మీద నుంచి కింద పడి ఉంది, నేలంతా నూనె. డబ్బా మిగిలింది, లోపలి రాగి చుట్టలు పోయాయి. చిత్తూరు జిల్లాలో ఇది కొత్త కథేం కాదు.

రాగి మీదే ఎందుకంత కన్ను? వెండిని పక్కన పెడితే కరెంటును ఇంత తేలిగ్గా పోనిచ్చే లోహం ఇంకోటి లేదు. ఎన్నిసార్లు కరిగించినా గుణం చెడదు. 1085 డిగ్రీల దగ్గర ఒకసారి కరిగిందంటే అది ఏ ఊరి సొత్తో చెప్పడం కష్టం. ఇంజినీరుకు నచ్చిన లక్షణాలే దొంగకీ నచ్చాయన్నమాట.

11 వేల వోల్టులను మోటారుకు సరిపడా 400 చిల్లరకు దించేది ఆ చుట్టల్లోని చుట్ల లెక్కే. పక్కపక్క చుట్లు కలిసిపోకుండా వాటికి ఇన్సులేషన్ ఉంటుంది. నూనె వేడిని లాగేస్తుంది. ఉలితో చీల్చి తీశాక ఈ పనితనమంతా పోయి, కిలోల్లో తూగే తుక్కు మిగులుతుంది. టమోటా కాయ పట్టే వేళ నాలుగు రోజులు తడి లేకపోతే పోయేదాని ముందు ఆ తుక్కు ధర ఎంత!

పొలాల్లో ప్రతి దిమ్మె దగ్గరా కాపలా పెట్టలేం. నాకు సబబుగా తోచేది, దొంగకు గిట్టుబాటు కాకుండా చేయడం. రాగి బదులు అల్యూమినియం వైండింగ్ (చుట్టలు) అందుకొక దారి. దాని వాహకత (కరెంటును పోనిచ్చే గుణం) రాగిలో 61 శాతమే కాబట్టి తీగ అడ్డుకోత వైశాల్యం 1.6 రెట్లు ఉండాలి. అయినా బరువు సగమే, తుక్కు ధర చాలా తక్కువ. చిక్కు జాయింట్ల దగ్గర వస్తుంది: పైన ఏర్పడే ఆక్సైడ్ పొర కరెంటును అడ్డుకుంటుంది, బిగింపు వదులైతే వేడెక్కుతుంది. లైన్‌మన్‌లకు ఇది తెలిసిన తలనొప్పే.

భూమిలోని కేబుల్‌ను దొంగ తెంపితే, ఎక్కడ తెగిందో కనిపెట్టే ఉపాయముంది. ఒక చివర నుంచి చిన్న పల్స్ (క్షణికమైన కరెంటు తరంగం) పంపితే, తెగిన చోట తగిలి ప్రతిధ్వనిలా వెనక్కొస్తుంది. సుమారు 10 మైక్రోసెకన్లలో వచ్చిందంటే తెగింది కిలోమీటరు దూరంలో.

అసలు ముడి పాత ఇనుము కొట్టు దగ్గరుంది. ఇంగ్లండ్‌లో 2013 నాటి చట్టం ప్రకారం తుక్కుకు నగదు ఇవ్వకూడదు, అమ్మేవాడి గుర్తింపు చూడాలి. మన విద్యుత్ చట్టం, 2003లోని 136వ సెక్షన్ కూడా దొంగతో ఆగదు, అలాంటి సామాను దగ్గర పెట్టుకున్నవాడికీ వర్తిస్తుంది. ఇన్సులేషన్ కాల్చి తీసిన రాగి నల్లగా మసిబారి ఉంటుంది. తక్కెడలో పడేటప్పుడు అది కొట్టువాడి కంట పడకుండా ఉండదు.